పదకొండు చుక్కల గడియారం

...కానీ గడిని ఖాళీగా వదిలెయ్యడం కూడా ఒక జవాబే కదా అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? అనేవాళ్లు ఎవరూ లేరు. తనే అనుకుంటున్నాడు, తనే విననట్టు నటిస్తున్నాడు. ఏడు నెలలుగా ఆ గడి ఖాళీగా ఉంది. ఏడు నెలలుగా వెంకటనర్సు దాన్ని మర్యాద అని పిలుచుకుంటున్నాడు. ఈ సోమవారం పొద్దున, నల్లగొండలో రామగిరి నుంచి గడియారం సెంటరు దాకా నడుస్తుంటే, దానికి వేరే పేరేదో ఉండొచ్చునని మొదటిసారి అనుమానం వచ్చింది. పదకొండు గంటలకు మామ ప్రెస్సుకు ఫోన్ చేస్తాడు. అప్పటికి ఆ గడిలో ఒక పేరు ఉండాలి.

గడి అంటే కంప్యూటరులోని గడి. గడియారం సెంటరు దగ్గర తాజుద్దీన్ ప్రెస్సులో పెళ్లి కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేయడం వెంకటనర్సు పని. పోయినేడు, తొంభై ఎనిమిదిలో, తాజుద్దీన్ కంప్యూటరుకు మోడెం తగిలించి ఇంటర్నెట్ తెచ్చాడు. అందులో ఎవరికైనా సొంత పేజీ పెట్టుకోవడానికి ఊరికే జాగా ఇస్తున్నారని తెలిసినప్పుడు తాజుద్దీన్ ప్రెస్సు ప్రకటన పెడదామన్నాడు, రెండు రోజుల్లో మరిచిపోయాడు. వెంకటనర్సు మరిచిపోలేదు. పొద్దంతా పక్కవాళ్ల పేర్లు బంగారు రంగులో అమర్చే మనిషికి, పేర్ల గురించి కొంత పిచ్చి పట్టడం సహజమే కావచ్చు. పెళ్లి కార్డులో ఆహ్వానించేవారి పేర్ల వరస కోసం అన్నదమ్ములు కొట్టుకోవడం అతను చూశాడు. తన పేరు రెండో వరసలో పడిందని ఒకాయన కార్డులన్నీ చింపి నాలాలో వేశాడు. అలాంటి లోకంలో మోత్కూరులోని తమ వాడకట్టు ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. రేషను కార్డుల మీద ఉన్నాయి, అంతే.

అందుకే అతని పేజీలో ఉన్నది ఒకే ఒక పట్టిక. ఇరవై మూడు వరసలు. మొదటి గడిలో చీర ముక్క బొమ్మ. రెండో గడిలో ఆ నమూనా పేరు. మూడో గడి మీద "చిటికి కట్టింది" అని ఉంటుంది. నూలును రంగులో ముంచే ముందు, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు రబ్బరు పట్టీతో బిగించి వేసే ముడిని చిటికి అంటారు. ముడి ఉన్నచోట తెలుపు నిలుస్తుంది, లేనిచోట ఎరుపు ఎక్కుతుంది. బొమ్మంతా ముడుల్లోనే ఉంది. మగ్గం దాన్ని బయటికి తెస్తుంది, అంతే. అయినా మగ్గం మీద కూర్చునేది మగవాడు గనక చీర మగవాడిది అయిపోయింది. ఎవరూ కుట్ర చెయ్యలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

ఆ పేజీని తెలుగులో పెట్టడమే ఒక పెద్ద పని అయింది. ప్రెస్సులోని తెలుగు అక్షరాలు బయటివాళ్ల కంప్యూటర్లలో పిచ్చి గీతల్లా కనబడ్డాయి. అందుకని ప్రతి పేరునూ కంపోజ్ చేసి, చిన్న బొమ్మగా మార్చి, బొమ్మను గడిలో పెట్టాడు. బొమ్మలు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. చిన్నవి చేశాడు, రెండున్నరకు వచ్చింది. మొదట్లో మురిపెంగా పెట్టుకున్న మిణుకుమిణుకుమనే శీర్షిక తీసేశాడు. పసుపుపచ్చ వెనకరంగు తీసేశాడు. వారానికొకసారి ఏదో ఒకటి బాగు చెయ్యకపోతే నిద్ర పట్టేది కాదు. పేజీ అడుగున వచ్చిపోయేవాళ్ల లెక్క చూపే చిన్న మీటరు ఉంది. నిన్నటికి నాలుగువందల పన్నెండు. అందులో సగం తనేనని అతనికి తెలుసు. తన ఇంటి తలుపు తనే కొట్టి, లోపలికి తనే పరిగెత్తి తీసేవాడికి ఏ పేరు పెడతారో, అది తనకూ పెట్టొచ్చు.

కానీ మిగతా సగంలో నిజం మనుషులున్నారు. పేజీ అడుగున సందర్శకుల పుస్తకంలో షోలాపూర్ నుంచి ఒకామె ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది: గంజి నాగులమ్మ మా అమ్మమ్మ, ఆమె పేరు ఇట్ల రాసి ఉండంగ చూసుడు ఇదే మొదలు. ఆ వాక్యం వచ్చిన రోజు వెంకటనర్సు ఒక పెళ్లి కార్డులో ముహూర్తం తప్పు కొట్టాడు.

ఇరవై రెండు పేర్లు ఉన్నాయి. ఇరవై మూడోది గడియారం నమూనా. దాని మూడో గడిలో ఏమీ లేదు.

ఆ నమూనా కట్టింది తన తల్లి లక్ష్మీనర్సమ్మ. నేసింది తన బాపు. రంగు పోసి, పట్టుకుపోయి చూపించి, ఎనభై ఏడులో రాష్ట్ర అవార్డు తెచ్చుకున్నది తల్లికి సొంత అన్న, మోత్కూరు మాస్టర్ వీవర్ రామచంద్రం. అవార్డు కాగితం మీద ఆయన పేరే ఉంది. ఈ మూడు సంగతులూ వాడకట్టులో అందరికీ తెలుసు, ఎవరూ వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడరు. వెంకటనర్సు కూడా పెట్టలేదు. ఖాళీ వదిలాడు. అదేదో పెద్ద నిరసన అన్నట్టు ఒక్కోసారి పొంగిపోయాడు కూడా. ఖాళీలో ఎవరైనా ఏదైనా చదువుకోవచ్చు. అందులో అతనికి కావలసిన సుఖం అదే.

నిన్న ఆదివారం మామ ఇంటికి వచ్చాడు. ప్రతి సోమవారం మోత్కూరు బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపే నూలు మూటను ఈసారి తనే మోసుకొచ్చాడు. తల్లి వెంకటనర్సుతో నల్లగొండలోనే ఉంటుంది. అద్దె ఇంటి వరండాలో కూర్చుని అన్న పంపే నూలుకు చిటికీలు కట్టి పంపుతుంది. అరవై రెండేళ్లు. మామ కుర్చీలో కూర్చోకముందే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. హైదరాబాదులో ఆయన చీరలు కొనే సేటు, వెంకటనర్సు పేజీని అచ్చు తీసి ఇచ్చాడట.

"అల్లుడా, గీ గడియారానికి పన్నెండో చుక్క ఎవల్నడిగి పెట్టినవ్?"

ఖాళీ గడి గురించి అడుగుతాడని వెంకటనర్సు సిద్ధంగా ఉన్నాడు, చుక్క గురించి కాదు. ఆ చుక్క పెట్టింది పదిహేను రోజుల కింద. అహ్మదాబాదులో డిజైన్ చదివే ఒకమ్మాయి సందర్శకుల పుస్తకంలో, మీ గడియారానికి పదకొండు చుక్కలే ఉన్నాయి, స్కానింగులో పోయినట్టుంది, సరిచేస్తే పేజీ బాగుంటుంది అని రాసింది. నిజమే కదా అనుకున్నాడు. పక్క చుక్కను కోసి, ఏడు గంటల దగ్గర అతికించాడు. అరగంట పని. ఆ సాయంత్రం చాలా తృప్తిగా ఇంటికి నడిచాడు.

"గడియారానికి పన్నెండే ఉంటయి గద మామా."

"గోడ మీద దానికి ఉంటయిరా. నా గడియారానికి పదకొండే. అవార్డు చీరల పదకొండు. ఫోటోల పదకొండు. సర్కారోళ్లు అచ్చేసిన పుస్తకంల పదకొండు. నీ దాంట్ల పన్నెండుంటే చూసెటోడు ఏమనుకుంటడు? అసలుది ఇంకెక్కడో ఉన్నది, రామచంద్రం దాన్ని చూసి తప్పు కొట్టిండు అనుకోడా?"

"పదకొండెందుకు పెట్టిండ్రు మామా?"

రామచంద్రం కుర్చీలో సర్దుకున్నాడు. గొంతు మారింది. "లోకానికి పన్నెండు గంటలు. మగ్గం మీద కూసున్నోనికి పదకొండే. ఒక గంట ఆకలికి పోతది. గీ మాట చెప్తే కమిటీల పెద్ద సారు లేచి నా చేతులు పట్టుకున్నడు, ఎరికేనా?"

ఆ మాట చాలాసార్లు వాడి వాడి అరిగినట్టు నున్నగా ఉంది. వరండాలో తల్లి చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"ఇగ గీ గడి," అని మామ కాగితం మీద వేలు పెట్టాడు. "గిదెందుకు బోసిగున్నది? ఇరవై రెండు పేర్లు రాసినవ్, నా కాడికొచ్చేసరికి నీ సిరా అయిపోయిందా?"

"అది చిటికి కట్టినోళ్ల గడి మామా."

"ఐతే గడి పేరు మార్చు. డిజైన్ అని పెట్టు, కింద నా పేరు పెట్టు. రంగు ఎవలు పోసిండ్రు? నేను. నేయించిందెవలు? నేను. చీర సంకల పెట్టుకొని హైదరాబాదు ఆఫీసుల మెట్లన్నీ ఎక్కి దిగింది ఎవలు? మీ బాపా? మీ బాపు బస్సెక్కితే వాంతులు చేసుకుంటుండె. ముడి కట్టుడొక్కటే పనారా?"

అందులో అబద్ధం లేదు. అదే కష్టం. మామ చెడ్డవాడైతే కోపమే అన్ని పనులూ చేసిపెట్టేది, మనిషి ఊరికే దాని వెనక నడిస్తే సరిపోయేది. కానీ బాపు చనిపోయిన ఏడాది అక్కరకు వచ్చింది ఈయనే. తాజుద్దీన్‌తో మాట్లాడి ప్రెస్సులో పెట్టించిందీ ఈయనే. ఆయన చెప్పే ఆకలి గంటను ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడని కూడా వెంకటనర్సుకు కనిపించింది. పన్నెండేళ్లు చెప్పిన మాట చెప్పినవాడి లోపల ఎముకలా గట్టిపడిపోతుంది. దాన్ని తీస్తే మనిషి వంగిపోతాడు.

"చెల్లె, నువ్వు చెప్పు నీ కొడుక్కు," అన్నాడు రామచంద్రం వరండా వైపు తిరిగి.

"నేనేం చెప్తనే అన్నా. చాయ్ సల్లారిపోతాంది, తాగు."

ఆయన చాయ్ తాగాడు. లేచి చెప్పులు వేసుకుంటూ అసలు మాట చెప్పాడు. బుధవారం నాడు ఢిల్లీ నుంచి మనుషులు వస్తున్నారు, ఈసారి దేశం మొత్తానికి ఇచ్చే అవార్డు. సేటు వాళ్లకు ఈ పేజీనే చూపిస్తానన్నాడు.

"రేపు పదకొండు గంటలకు మోత్కూరు బూతు నుంచి నీ ప్రెస్సుకు ఫోన్ చేస్త. అప్పటికి చుక్క పోవాలె, పేరు రావాలె. మంచిగ చెప్తున్న." వరండాలో మూట వైపు చూశాడు. "నూలు బస్సెక్కి దానంతట అది రాదు నర్సూ."

ఆయన వెళ్లాక వెంకటనర్సు చాలాసేపు గడపలోనే నిలబడ్డాడు. బెదిరించింది తనను కాదు, తల్లి చేతులను. పోయినేడు బస్సుల సమ్మెలో రెండు వారాలు మూట రాలేదు. ఆమె మొదట గిన్నెలు తోమింది, తర్వాత తోమినవే తోమింది. ఆఖరికి పెట్టెలోని పాత చీరల కుచ్చులన్నీ విప్పి మళ్లీ ముడులు వేసింది. మూట వచ్చిన రోజు అన్నం కూడా వరండాలోనే తిన్నది. ఆమెకు పని అంటే ఏమిటో అతనికి పూర్తిగా తెలియదు. చదివిన పుస్తకాల్లో దానికి ఏవేవో పేర్లున్నాయి. అవేవీ ఆమె మీద కూర్చోవు.

"ఏది, గా కాగితం ఇటియ్యి," అంది తల్లి.

ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"గిది నాది కాదు."

"నీదే అమ్మా. గడియారం."

"నాది కాదంటున్న గద. ఏడు గంటల కాడ నాకు ముడి లేదు."

"మామ చెప్పిండు గదా, ఆకలి గంట అని..."

తల్లి నవ్వింది. అతను ఆమె నవ్వు విని చాలా రోజులయింది, అందులో కొంచెం ఎకసక్కెం ఉంది. "ఏం ఆకలిరా. రబ్బరు తక్కువైంది."

అప్పుడు చెప్పింది, చేతులు ఆపకుండా. ఎనభై నాలుగులో బాపును నల్లగొండ దవాఖానకు తెచ్చినప్పుడు ఈ సెంటరులో గడియారం చూసింది. బస్సు వచ్చేదాకా దాన్ని చూస్తూనే ఉన్నది. ఇంటికి పోయి, గ్రాఫు కాగితం లేకుండా, నూలు మీద కట్టడం మొదలుపెట్టింది. రబ్బరు పట్టీలకు పాత ట్యూబులు చోటే మియా పంక్చర్ దుకాణం నుంచి వచ్చేవి. ఆ రోజు చోటే మియా మేనకోడలి పెళ్లికి దేవరకొండ పోయాడు, దుకాణం బంద్. ఉన్న ట్యూబును సన్నగా కోసుకుంటూ కట్టుకొచ్చింది. ఆఖరి ముడికి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. పెరట్లో రంగు కాగుతోంది. అన్న కేకలేస్తున్నాడు. ఇచ్చేసింది.

"ఒక్క ముడికి ఏమైతదిలే అనుకున్న. ఏమైతది, చీర పొడుగూత అదే తప్పు."

"మామ ఏమనలేదా అప్పుడు?"

"అనకేం. కండ్లు యాడ పెట్టినవే అని ఇంటి ముందటికొచ్చి తిట్టిండు. చోటే మియా అక్క ఇక్బాల్ బీ అడ్డమొచ్చింది, మా తమ్ముని దుకాణం బంద్ ఉంటే అది ఏంజేస్తది అని. అవార్డు వచ్చినంక తిట్టుడు బంద్ చేసిండు." ఒక పట్టీని పంటితో బిగించింది. "ఆకలికి ఒక్క గంటే పోతదా? గా మాట చెప్పినోడు మగ్గం మీద కూసున్నోడు కాదు."

"నీ పేరు పెట్టనా అమ్మా?"

"నా పేరుతోని ఏమొస్తది."

"నూలు రాదు. అదొస్తది."

ఆమె ఒక వరస పూర్తి చేసింది. దారాన్ని వేలితో మీటి బిగువు చూసుకుంది. "పేరు సంగతి నీ ఇష్టం. గా పన్నెండో చుక్క తీసెయ్యి, నేను కట్టంది నాదని పెట్టకు. ఇంకొకటి. గా ఆకలి ముచ్చట రాసినవంటే మాత్రం నీ కంప్యూటర్ల నీళ్లు పోస్త."

ఇప్పుడు, నడుస్తూ, ఆ మాటలన్నింటిలో అతన్ని పొడుస్తున్నది ఒక్కటే: నేను కట్టంది నాదని పెట్టకు. మామ పెట్టుకున్నాడు సరే. తను చేసిందేమిటి? చిటికి కట్టే మనిషి కడుపున పుట్టి, ఆమె పక్క గదిలో కూర్చుని ఉండగా, ఎక్కడో అహ్మదాబాదులో ఉన్న మనిషి మాట విని ఆమె చెయ్యిని దిద్దాడు. అడగాలని తట్టనే లేదు. ఎవరూ అడగలేదు అని పేజీ పెట్టినవాడికే తట్టలేదు. బాగు చెయ్యడం అన్న మాటలో ఎంత నిర్లక్ష్యం దాక్కుని ఉంటుందో అతనికి కొంచెం భయమేసింది.

ఇంకొకటి కూడా ఉంది. దాని దగ్గరికి పోకుండా ఉండటానికే పొద్దుటి నుంచి మిగతావన్నీ ఆలోచిస్తున్నాడు. ఎనభై ఏడులో మామ అవార్డు తీసుకుని మోత్కూరు వచ్చిన రోజు. మెడలో దండ, వెనక డప్పు. అవార్డు ఫోటోకు అద్దం కట్టించి మామ ఇంట్లో గోడకు పెట్టాలన్నారు. అప్పటికి వెంకటనర్సుకు ఇరవై రెండేళ్లు. స్టూలెక్కి మేకు కొట్టింది అతనే. గోడ సున్నం రాలి కళ్లలో పడింది. తల్లి వంటింటి వాకిట్లో నిలబడి ఉన్నది, మోచేతుల దాకా ఎర్ర రంగు. అతను ఆమెను చూశాడు. ఆమె కూడా చూసి, "సూటిగున్నదా సూడు" అన్నది. అంతే అన్నది. అతను ఫోటోను కొంచెం ఎడమకు జరిపి, సూటిగా చేసి, దిగాడు.

పన్నెండేళ్లుగా ఆ మేకు మీద వేలాడుతున్నది మామ ఒక్కడే కాదు. ఆ గడిని ఖాళీగా ఉంచడం మర్యాద అయితే, ఆ రోజు స్టూలెక్కడం కూడా మర్యాదే. రెండూ ఒకే చెయ్యి చేసిన పనులు.

ప్రెస్సు తెరిచే ఉంది. తాజుద్దీన్ బల్ల మీద కార్డుల నమూనాలు పరిచి తల పట్టుకుని ఉన్నాడు.

"ఏం నర్సూ, ముఖం గట్లున్నది? పెండ్లికొడుకు పేరు గిట్ల మార్చి కొట్టినవా?"

"లేదు తాజు భాయ్. కంప్యూటరు ఒక గంట నాకు కావాలె. సొంత పని."

"తీస్కో. గీయన తమ్ముని పేరు తీసెయ్యమంటడు, తమ్ముడు ఇప్పుడే ఫోన్ చేసి నా పేరు ముందు పెట్టమంటడు. నేను ఇద్దరి పేర్లు తీసేసి నా పేరు పెట్టుకుంట. పెండ్లికి నేనే పోత, బిర్యానీ నేనే తింట." గడియారం చూశాడు. "నీ ముఖం చూస్తే గిది కార్డు ముచ్చట కాదు. ఏంది?"

వెంకటనర్సు చెప్పాడు. నాలుగు మాటల్లో అయిపోయింది. మనసులో ఏడు నెలలు నడిచినది బయట నాలుగు మాటలే.

తాజుద్దీన్ గడ్డం గోక్కున్నాడు. "దీనికెందుకు ఫికర్. ఫోను, నెట్టు ఒకటే లైను గద. పదకొండుకు ముందు నెట్ పెట్టు. మీ మామకు టూయ్ టూయ్ వస్తది. సాయంత్రం దాక ఉంచు. బుధవారం దాక ఉంచు. నేను అడిగితే లైను ఖరాబైందని చెప్త, ఖసమ్ తిని ఒట్టు కూడ పెడ్త."

"ముందు పని చేసుకోనియ్యి."

గడియారం బొమ్మను తెరిచి పెద్దది చేశాడు. పెద్దది చేస్తే కనిపించింది. పదకొండు చుక్కలకూ అంచులు చెదిరి ఉన్నాయి, ముడి కింద నుంచి రంగు కొంచెం కొంచెం పాకినట్టు. పన్నెండోదానికి ఒక పక్క కత్తితో కోసినట్టుంది. పదిహేను రోజులుగా ఆ అతుకు అక్కడే ఉంది, అది తనకు కనబడలేదు. పక్కనున్న ఎరుపును రవ్వంత రవ్వంతగా తీసి దాని మీద నింపాడు. తెలుపు తగ్గుతూ తగ్గుతూ పోయింది. చీర ముక్కలో పదహారు గడియారాలున్నాయి. పదహారింటిలోనూ తీశాడు. ఏడు గంటల చోటు మళ్లీ ఎర్రగా, ఉత్తగా అయింది. అది అందంగా ఏమీ లేదు. ఒక ముడి తక్కువైన చోటులాగే ఉంది.

తర్వాత పట్టికలోకి వెళ్లాడు. మామ అన్నదాంట్లో నిజం ఉంది గనక దానికీ చోటు ఉండాలి. మరో రెండు గడులు పెంచాడు: "రంగు పోసింది", "నేసింది". గడియారం వరసలో వాటి కింద రామచంద్రం పేరు, వనం యాదయ్య పేరు పెట్టాడు. బాపు పేరు కంపోజ్ చేస్తుంటే వింతగా అనిపించింది. ఆయన కూడా ఇన్నేళ్లూ ఎక్కడా లేడు. మిగతా ఇరవై రెండు వరసల్లో ఆ గడులు ఖాళీగా ఉండిపోయాయి. మోత్కూరు పోయి ఒక్కొక్క ఇంట్లో అడగాలి. అవి తెలియక ఖాళీ. అమ్మది తెలిసి ఖాళీ. రెండూ ఒక్కలా కనబడతాయి, అదే దానిలోని మోసం.

మూడో గడి మిగిలింది.

వనం లక్ష్మీనర్సమ్మ. రోజుకు వంద పేర్లు కొట్టే వేళ్లు ఆ పేరు దగ్గర రెండుసార్లు తప్పాయి. పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం పెట్టాడు: రబ్బరు తక్కువై ఏడు గంటల ముడి పడలేదు. చదువుకున్నాడు. మామ మాట ముందు ఈ మాట ఎంత పేదగా ఉంది. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు దీనికి లేచి ఎవరి చేతులూ పట్టుకోరు. దాన్ని కొంచెం బాగు చేద్దామా అని ఒక క్షణం అనిపించింది. చెయ్యలేదు.

పది నలభైకి ఫోను వెనక నుంచి తీగ పీకి మోడెంకు పెట్టాడు. మోడెం కీచుమని, గరగరమని, చివరికి నిలకడపడింది. ఫైళ్లు ఒక్కొక్కటే పోవడం మొదలైంది. గడియారం బొమ్మ పెద్దది, సగంలో ఆగింది. మళ్లీ కదిలింది. ఇప్పుడు ఆపొచ్చు. ఇప్పుడు కూడా ఆపొచ్చు. ఆపగలిగిన నిమిషాలన్నీ అతను కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, చిటికి కట్టేటప్పుడు నూలు పట్టుకోమంటే చిన్నప్పుడు తల్లి ముందు కూర్చున్నట్టు. పది యాభై ఒకటికి అన్నీ పోయాయి.

తన పేజీని తనే తెరిచాడు. రెండున్నర నిమిషాలు. పైనుంచి ఒక్కో వరస దిగుతూ వచ్చింది. అండాలు పేరు, నాగులమ్మ పేరు, తక్కినవాళ్ల పేర్లు. అట్టడుగున పదకొండు చుక్కలు, ఆ పక్కన పేరు. మీటరు నాలుగువందల పదమూడు చూపించింది. ఈసారి వచ్చినవాడిని చూసి అతను సిగ్గుపడలేదు.

"అయిపోయిందా?" అన్నాడు తాజుద్దీన్ అతని భుజం మీదుగా చూస్తూ. కాసేపు చదివాడు. "రబ్బరు తక్కువైంది. వారెవా. మీ మామ మోత్కూరు నుంచి నడుచుకుంట వస్తడు గీ మాటకు. లైను తియ్యకు ఇగ. నేను పోయి చాయ్ చెప్తా."

అతను వెళ్లాడు. గోడ మీద పది యాభై ఆరు. లైను తియ్యకుండా ఉండటం సులువు. ఏమీ చెయ్యనక్కర్లేదు, తీగ ఉన్నచోటే ఉంటే చాలు. మోత్కూరు బూతులో మామ రిసీవరు చెవికి పెట్టుకుని టూయ్ టూయ్ వింటాడు, పెట్టేస్తాడు, మళ్లీ చేస్తాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. రేపు సేటు చెబుతాడు ఆయనకు. వచ్చే సోమవారం బస్సు వస్తుంది, మూట రాదు, కారణం ఎవరూ అనరు. ఎంత మర్యాద.

మూట మాత్రం నిజంగానే రాదు. అది అతనికి తెలుసు. సాయంత్రం ఇంటికి పోయి చెప్పాలి. ఆమె ముందు ఏమంటుందో తెలియదు. నూలుకు చౌటుప్పల్ అటువైపు ఎవరినైనా అడగాలి, ఆమె చెయ్యి చూపిస్తే ఇస్తారు, ఇవ్వకపోనూవచ్చు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికి ఇప్పుడు ఒక పేజీ ఉంది, అంతే.

పది యాభై ఎనిమిది.

వెంకటనర్సు వంగి, బల్ల కింద మోడెం నుంచి తీగను పీకాడు. ఫోనును దగ్గరికి లాక్కుని, తీగ కొసను వెనక రంధ్రంలో పెట్టి, టక్కుమనేదాకా నొక్కాడు.